పిడి మీద మిగిలిన నాలుగు వేళ్ళు

ఈ సాయంత్రం సభ నడుపుతున్న మన ట్రాయ్ తెలుగు సమితి ప్రెసిడెంట్ పద్మనాభం గారికి, నా గురించి నాకే తెలియని గొప్పలు చెప్పిన కమిటీ పెద్దలకి, రేపటి ఆటల కోసం ఎక్కడో వర్జీనియాలోని షాంటిలీ నుంచి డ్రైవ్ చేసుకుంటూ వచ్చి ఇక్కడ ఆవులింతలు ఆపుకుంటున్న ఆటగాళ్ళకి, వాళ్ళకంటే ఎక్కువ అలిసిపోయినట్టు కనిపిస్తున్న వాళ్ళ ఇల్లాళ్ళకి, వెనకాల సమోసాల బల్ల దగ్గర నిలబడి ఈవిడ ఎప్పుడు దిగుతుందా అని చూస్తున్న పిల్లలకి, అందరికీ కృష్ణకుమారి నమస్కారాలు.

మన సెక్రటరీ రష్మి నా చెవిలో, "ఆంటీ, ఫైవ్ మినిట్స్, తర్వాత డిన్నర్ ఓపెన్ చేస్తాం" అని చెప్పింది. రష్మీ, డిన్నర్ ఓపెన్ చేసేయమ్మా, నాకేం అభ్యంతరం లేదు. నేను మాత్రం ఐదు నిమిషాల్లో అయ్యేలా లేను. (నవ్వులు) ఇంటి దగ్గర చక్కగా ఒక స్పీచ్ రాసుకున్నాను. ఇన్నేళ్ళుగా ఈ బాడ్మింటన్ టోర్నమెంట్ నడిపే భాగ్యం కలిగించినందుకు ధన్యవాదాలు, నెట్లు కట్టిన చేతులకి ధన్యవాదాలు, ఇలాంటివన్నీ ఉన్నాయి అందులో. అది పర్సులోనే ఉంటుంది. ఎందుకంటే మీరంతా నన్ను పొగుడుతున్నప్పుడు ఎటు చూడాలో తెలియక ఈ సావనీర్ తెరిచాను. నా ఖర్మ కొద్దీ నేరుగా పన్నెండో పేజీ తెరుచుకుంది.

'పురుషుల డబుల్స్ విజేతల చరిత్ర'. రంగుల్లో వేశారు, బంగారు అంచు కూడా పెట్టారు. అది చదివాక మీరు కప్పిన శాలువా తీసి మడతపెట్టి కుర్చీ మీద పెట్టాను, చూసే ఉంటారు. ఉక్కపోసి కాదు, మార్చి నెలలో మిషిగన్‌లో ఎవరికి ఉక్కపోస్తుంది? ఒళ్ళు మండి తీశాను.

ఏవండీ, మీరు ముందు వరసలోంచి అలా చెయ్యి ఊపకండి. బీపీ బిళ్ళ వేసుకునే వచ్చాను. (నవ్వులు)

డబుల్స్ అంటే ఎంతమంది ఆడతారు? చెప్పండి, ఎవరైనా చెప్పండి. ఇద్దరు కదా. మరి ఈ పేజీలో ప్రతి సంవత్సరానికీ ఎదురుగా ఒక్క పేరే ఉందేం? రెండో మనిషి ఏమయ్యాడు? షటిల్‌తో పాటు జిమ్ పైకప్పులో ఇరుక్కుపోయాడా?

కొత్తగా వచ్చిన మాస్టర్స్ స్టూడెంట్స్ కొందరు ముఖముఖాలు చూసుకుంటున్నారు, వాళ్ళకి తెలియదు పాపం. బాబూ, ఈ ఊళ్ళో రెండేళ్ళ కిందటి దాకా తెలుగు వాళ్ళకి ఒకటే సంఘం ఉండేది. ఆ ఏడు ఉగాది బాంక్వెట్‌లో చీఫ్ గెస్ట్ పక్కన ఫోటోలో ఎవరు నిలబడాలీ అని ఇద్దరు పెద్దమనుషులు గొడవపడ్డారు. పులిహోర ప్లేట్లు పక్కన పెట్టి మరీ గొడవపడ్డారు. వారం తిరిగేసరికి సంఘం రెండయింది. ఒకటి ఈ సమితి, రెండోది మండలి. గొడవ ఫోటో గురించి కాదని ఈ హాల్లో పెద్దవాళ్ళందరికీ తెలుసు. ఆ సంగతి నా నోటితో అనిపించకండి. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలున్నారు. మీరు ఎవరు, మీ వాళ్ళు ఎవరు అని ఆరా తియ్యడం వాళ్ళకి ఇంకా అలవాటు కాలేదు, కాకపోతేనే మేలు.

అప్పట్నుంచీ ఒకే హైస్కూల్ జిమ్‌లో ఒక వారాంతం సమితి టోర్నమెంట్, మరుసటి వారాంతం మండలి టోర్నమెంట్. అవే నెట్లు, అదే కేటరర్, అవే సమోసాలు. రెండింటికీ డైరెక్టర్ని నేనే. రెండు పక్షాల వాళ్ళనీ గట్టిగా తిట్టగలిగిన మనిషి ఇంకెవరూ దొరకలేదు కాబట్టి. (నవ్వులు) పోయిన శనివారం మండలి వాళ్ళు కూడా నాకు వీడ్కోలు సభ పెట్టారు. మీకు తెలుసు, తెలిసే వాళ్ళకంటే పెద్ద హాలు బుక్ చేశారు. వాళ్ళూ శాలువా కప్పారు, వాళ్ళూ సావనీర్ వేశారు, వాళ్ళూ విజేతల చరిత్ర అని ఒక పేజీ వేశారు. అందులోనూ ఏడాదికి ఒక్క పేరే.

ఇప్పుడు పర్సులోంచి ఆ సావనీర్ తీసి, ఆ పేజీ పక్కన ఈ పేజీ పెట్టి చూశాను, ఇందాక, ఇక్కడే, ఈ కుర్చీలో కూర్చుని. రెండూ కలిపితే, ఒక్క ఏడాది తప్ప, లెక్క సరిపోయింది! ఏ జంటలో మీ మనిషి ఉంటే అతని పేరు మీరు వేసుకున్నారు, వాళ్ళ మనిషి పేరు వాళ్ళు వేసుకున్నారు. ఆస్తి పంపకాల్లో కూడా మంచాన్ని నిలువునా కొయ్యరయ్యా, ఎవరో ఒకరికి ఇస్తారు. మీరు మనుషుల్ని కోశారు. ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు, ఒక్కొక్కరి కింద పదిమంది పనిచేస్తారు, ఆఫీసుల్లో ఒక కామా తప్పిపోతే ఫిర్యాదు టికెట్ రెయిజ్ చేస్తారు. డబుల్స్ ఛాంపియన్ 'పద్మనాభం' అని ప్రూఫ్ వస్తే మీలో ఒక్కరికి కూడా అనుమానం రాలేదా?

వచ్చే ఉంటుంది. నోరెత్తలేదు, అంతే.

జితేందర్, మానవ్ అని ఇద్దరు కుర్రాళ్ళు ఉండేవాళ్ళు, పాతవాళ్ళకి గుర్తుంటుంది. యూనివర్సిటీలో చదువుకుంటూ, మంచి రాకెట్ కొనే స్తోమత లేక ఇక్కడ ఎవరో పారేసిన వాటికి కొత్త తీగలు వేయించుకుని ఆడి, డిఫెండింగ్ ఛాంపియన్లని మట్టి కరిపించారు. ఇప్పుడు ఒకడు అల్ఫారెట్టాలో, ఇంకొకడు ఇంకెక్కడో స్థిరపడ్డారు. వాళ్ళు సమితీ కాదు, మండలీ కాదు. అందుకని వాళ్ళు గెలిచిన ఏడాది మీ పేజీలోనూ లేదు, వాళ్ళ పేజీలోనూ లేదు. ఎవరి పక్షమూ కాకపోతే ఇంక ఆ ఏడాదే జరగలేదన్నమాట. నేను మధ్యాహ్నం దాకా అంపైర్ కుర్చీలో కూర్చుని నడుం పట్టేసిన ఏడాది అది, లేదంటే ఎలా ఊరుకుంటాను?

సరే, పేర్ల సంగతి వదిలేయండి. అదే పేజీలో ఫోటో చూడండి. మీ చేతుల్లో ఉంది కదా, తిప్పండి. పద్మనాభం గారు కప్పు పట్టుకుని నవ్వుతున్నారు. జుట్టు అప్పుడు బాగానే ఉండేది. (నవ్వులు) ఆ కప్పుకి రెండు పిడులు. ఈ పక్క పిడి పద్మనాభం గారు పట్టుకున్నారు. ఆ పక్క పిడి దగ్గర ఫోటో కత్తిరించారు. కానీ కత్తిరించిన వాళ్ళకి పని సరిగ్గా చేతకాలేదు. పిడి మీద నాలుగు వేళ్ళు మిగిలిపోయాయి. కనిపించాయా? ఆ వేళ్ళు ఎవరివి?

ఎవరూ చెప్పరా? నేను చెప్తాను. అవి వెంకటస్వామి వేళ్ళు. ఇవాళ మండలికి ప్రెసిడెంట్. అప్పుడు పద్మనాభానికి పార్ట్‌నర్. ఈ టోర్నమెంట్ చరిత్రలో వాళ్ళిద్దరూ కలిసి గెలిచినన్ని సార్లు ఇంకే జంటా గెలవలేదు. అతను వెనక నుంచి కొట్టేవాడు, ఇతను నెట్ దగ్గర కాచుకునేవాడు. కోర్టులో ఒకరితో ఒకరు మాట్లాడుకోనక్కర్లేదు. కోర్టు బయట మాత్రం ఆపితే ఒట్టు, నేను విజిల్ వేస్తే గానీ పార్కింగ్ లాట్ ఖాళీ అయ్యేది కాదు.

ఆ ఫోటో ఏ ఏడాదిదో కింద వేశారు, రెండు వేల తొమ్మిది అని. ఆ ఏడాది సంగతి కూడా వేయాల్సింది. వేయలేదు కాబట్టి నేను చెప్తాను, పద్మనాభం గారూ, మీకు ఇబ్బందిగా ఉంటే ఉండనీయండి. కార్ల కంపెనీలన్నీ కుప్పకూలిన ఏడాది అది. ఈ ఊళ్ళో ఏ ఇంటికి ఫోన్ చేసినా ఆడవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. సరిగ్గా మన టోర్నమెంట్ ముందు రోజు, శుక్రవారం మధ్యాహ్నం, పద్మనాభానికి లే-ఆఫ్. హెచ్‌-వన్‌ వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోవడమంటే ఏమిటో మీలో చాలామందికి నేను చెప్పక్కర్లేదు. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి, "అక్కా, రేపు మా పేర్లు కొట్టేయండి. మేం ఇండియాకి టికెట్లు చూసుకుంటున్నాం" అన్నాడు. నేను కొట్టేయలేదు. ఆ రెండో పేరు గలవాడు కొట్టేయమని చెప్పలేదు కదా.

పొద్దున వెంకటస్వామి ఒక్కడే వచ్చాడు. "అక్కా, ఆయన తలుపు తీస్తలేడు. నేను కోర్టుల నిలబడ్త. నువ్వు టాస్ వెయ్యి" అన్నాడు. ఒక్కడివి డబుల్స్ ఎలా ఆడతావయ్యా అంటే, "ఆడనీకి కాదు, నిలబడనీకి. ఆయన వస్తడు" అన్నాడు. నిలబడ్డాడు. అవతల జంట ఇద్దరూ రాకెట్లు ఊపుకుంటూ, ఇవతల ఇతనొక్కడూ. రూల్ ప్రకారం నేను అవతలి జంట ఆడకుండానే గెలిచినట్టు వాకోవర్ ఇచ్చెయ్యాలి. నేనేం చేశాను? నెట్ ఎత్తు కొలిచాను. మళ్ళీ కొలిచాను. ఆ స్తంభం దగ్గర, ఈ స్తంభం దగ్గర, మధ్యలో. ప్రపంచంలో ఏ నెట్‌నీ అంత శ్రద్ధగా కొలిచి ఉండరు. (నవ్వులు) చివరికి అవతలి జంటే విసుగొచ్చి, "ఆంటీ, మేం ఓ టీ తాగొస్తాం" అని వెళ్ళిపోయారు.

అప్పుడొచ్చాడు పద్మనాభం. కళ్ళు వాచిపోయి, కాళ్ళకి హవాయి చెప్పులతో. వాళ్ళావిడ శశికళ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. శశికళ ఇక్కడే ఉంది, అబద్ధమైతే లేచి చెప్పమనండి. ఏమ్మా? ఊఁ, తల ఊపుతోంది. చెప్పులతో ఎలా ఆడతావు అని నేను అడిగేలోపు వెంకటస్వామి తన బ్యాగ్ తీసి అందులోంచి పద్మనాభం షూస్ బయటపెట్టాడు. తలుపు తీయకపోతే ఏం, గుమ్మం బయట విప్పి ఉన్నవి పట్టుకొచ్చాడు. ఆ రోజు, ఆ మర్నాడు ఆడారు, గెలిచారు. మీరు పిడి మీద వేళ్ళు మిగిల్చి కత్తిరించిన ఫోటో ఆ ఆదివారం సాయంత్రం తీసినది. తర్వాత ఇంటర్వ్యూకి ఎవరు కారులో తీసుకెళ్ళారో, ఎవరి మేనేజర్ ముందు ఎవరు హామీ పడ్డారో నేను చెప్పను. అది ఆ ఇద్దరికీ తెలుసు.

ఇప్పుడు ఇక్కడ అచ్చయింది, '2009 – పద్మనాభం' అని. ఏం నాయనా, ఆ రోజు నువ్వొక్కడివే ఆడావా?

'గారు' అనడం మర్చిపోయాను. మర్చిపోనీయండి. నన్ను అక్కా అని పిలిచినవాణ్ణి నిలదీయడానికి నాకు గారూ గీరూ అక్కర్లేదు.

పోనీ, పెద్దవాళ్ళు మీరూ మీరూ కొట్టుకోండి. పిల్లలేం చేశారు? ఇదీ నా అసలు కోపం, ఇందాకట్నుంచీ దీని చుట్టూనే తిరుగుతున్నాను. పద్మనాభం కొడుకు అనీష్, వెంకటస్వామి కొడుకు సాత్విక్ పాల పళ్ళప్పటి నుంచీ జంటగా ఆడుతున్నారు. సంఘం ఒకటిగా ఉన్న ఆఖరి ఏడాది కప్పు గెలిచింది వాళ్ళే. కప్పు విషయంలో మనకో ఆనవాయితీ ఉంది. గెలిచిన ఇద్దరూ చెరో పిడీ పట్టుకునే ఎత్తాలి, ఒక్కరు ఎత్తకూడదు. ఆర్నెల్లు ఒకరింట్లో, ఆర్నెల్లు రెండోవారింట్లో ఉండాలి. ఆ ఆర్నెల్లకి కప్పు నిండా మిఠాయి పోసి అవతలి ఇంటికి అందించాలి. మొదటి ఆర్నెల్లూ పద్మనాభం ఇంట్లో ఉంది. అందించే రోజు వచ్చేసరికి సంఘం చీలింది. "ఆ ఇంటికి కప్పు వెళ్ళడానికి వీల్లేదు" అన్నాడు తండ్రి. అనీష్ కప్పు ఒళ్ళో పెట్టుకుని మా ఇంటికొచ్చి, "ఆంటీ, మీ హౌస్‌లో పెట్టండి ప్లీజ్. మా డాడ్ సాత్విక్‌కి ఇవ్వనివ్వట్లేదు, నాకు ఒక్కడికే వద్దు" అన్నాడు. అప్పట్నుంచీ మా ఇంట్లోనే ఉంది. దాన్ని ఎలా రాబట్టాలా అని రెండు పక్షాలూ చూస్తున్నాయని నాకు తెలుసు. ఈ శాలువాలూ, ఈ సభలూ ఊరికే రాలేదని కూడా తెలుసు. నేను కోర్టు గీతలు గీసేదాన్నే గానీ మరీ అమాయకురాల్ని కాదు.

పోయిన ఏడు పిల్లలిద్దరూ ఎక్కడా ఆడలేదు. ఈ ఏడు రెండు టోర్నమెంట్లకీ ఎంట్రీ ఇచ్చారు. రెండు చోట్లా కమిటీ వాళ్ళు వెనక్కి పంపారు. ఇద్దరు ఆటగాళ్ళూ మన సంఘం సభ్యుల కుటుంబాల వాళ్ళే అయి ఉండాలట, కొత్త రూల్. ఇక్కడ పద్మనాభం సంతకం, అక్కడ వెంకటస్వామి సంతకం. చూడండి, ఇద్దరూ ఎంత చక్కగా ఒకే మాట మీద ఉన్నారో! కొడుకుల్ని విడగొట్టడానికి మాత్రం ఇంకా పార్ట్‌నర్లే.

అనీష్ అక్కడ తలుపు దగ్గర నిలబడ్డాడు. వాణ్ణి మొన్న అడిగాను, "పోనీ ఈ ఏడాదికి వేరే పార్ట్‌నర్‌ని చూసుకోరా" అని. "ఆంటీ, వేరే ఎవరితో ఆడితే నేను ఎటు మూవ్ అవ్వాలో నాకు తెలీదు" అన్నాడు. ఇంతకంటే డబుల్స్ గురించి నాకు తెలిసింది కూడా ఏమీ లేదు.

అందుకని వినండి. మీ సమితిలో నా పదవి రేపు సాయంత్రం దాకా ఉంది. రష్మీ, ఉంది కదమ్మా? ఉంది. రేపు ఎవరు ఎవరితో ఆడాలో ఆ డ్రా నేను వేస్తాను. అందులో అనీష్–సాత్విక్ జంట ఉంటుంది. కాదు కూడదు అన్నవాళ్ళు పొద్దున్నే జిమ్‌కి వచ్చి నా మొహం మీద అనండి. జిమ్ తాళం నా దగ్గరుంది, విజిల్ నా దగ్గరుంది. ఆ జంట లేకపోతే నెట్లు కట్టను. సమోసాలు తిని ఇళ్ళకి పోదురుగాని. వచ్చే వారం మండలి వాళ్ళకీ ఇదే మాట, వాళ్ళకి ముందే చెప్పాను.

ఎలా చెప్పానంటే, పోయిన ఆదివారం వెంకటస్వామికి ఫోన్ చేసి చెడామడా తిట్టాను. మీకంటే ఎక్కువే తిట్టాను, కుళ్ళుకోకండి. అంతా విని అతను, "అక్కా, తప్పే. రూల్ తీసేస్త. కానీ ఆయన పిలవకుంటే ఆయన సభకి నేనెట్ల వస్త?" అన్నాడు. నువ్వు సభకి రావద్దు, నా భుజం ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి స్టీరింగ్ తిప్పలేకపోతున్నాను, మా ఆయన డ్రైవింగ్ సంగతి నీకు తెలుసు, మమ్మల్ని కారులో దింపు చాలు అన్నాను. (నవ్వులు) నవ్వుతున్నారా? మరి ఇవాళ మమ్మల్ని ఇక్కడికి ఎవరు తీసుకొచ్చారనుకుంటున్నారు?

పద్మనాభం, అటు చూడకు, ఇటు చూడు. వెంకటస్వామి బయట పార్కింగ్ లాట్‌లో ఉన్నాడు. లోపలికి రమ్మంటే రానన్నాడు. పోనీ వెళ్ళిపో, తర్వాత ఫోన్ చేస్తాను అంటే వెళ్ళనూ అన్నాడు. కారులో ఒక్కడే కూర్చున్నాడు. అప్పుడు కోర్టులో ఒక్కడే నిలబడ్డాడే, అలాగే. ఈసారి కొలవడానికి నా దగ్గర నెట్ లేదు. నోరుంది కాబట్టి ఇంతసేపూ మాట్లాడాను, మీకందరికీ ఆకలేస్తున్నా ఆపకుండా.

కప్పు ఆ కారు ట్రంక్‌లోనే ఉంది. మీకు కావాల్సిన కప్పే. నేను మొయ్యలేను, నా భుజం సంగతి చెప్పాను కదా. పిల్లలెవరూ లేవకండి, కూర్చోండి. అనీష్, నువ్వూ కదలకు.

ఇన్నేళ్ళూ నా మాట విన్నవాళ్ళకి, వినకుండా లైన్ కాల్ మీద నాతో పోట్లాడినవాళ్ళకి, నెట్లు కట్టినవాళ్ళకి, జిమ్ ఊడ్చినవాళ్ళకి కృతజ్ఞతలు. నా కోపం తగ్గిందని అనుకోకండి, తగ్గలేదు. ఈ శాలువా ఈ కుర్చీ మీదే ఉంటుంది. పన్నెండో పేజీ సరిగ్గా అచ్చువేసి, జితేందర్, మానవ్‌ల పేర్లతో సహా వేసి, అప్పుడు ఇంటికి తెచ్చి కప్పండి, కప్పుకుంటాను.

(వేదిక మీద కుర్చీ జరిగిన చప్పుడు)

అటు కాదు పద్మనాభం, అది వంటగది. ఆ పక్క తలుపు. కోటు వేసుకుని వెళ్ళు, బయట మంచు పడుతోంది. ఎడమ చేతి వైపు, దీపం కింద, తెల్ల వ్యాన్ పక్కనే. కప్పు బరువు నీకు తెలుసు కదా. ఒక్కడివే ఎత్తకు.

సెలవు.